శిశువునకు సృష్టి పేరు

తెలుగునాట క్రైస్తవ గృహమున శిశువు జన్మించినపుడు, బాలింతకు పథ్యము వండుట ఎంత సహజమో పేరును గుఱించి పెద్దలలో తర్జనభర్జన జరుగుట కూడ అంత సహజము. తాతగారు బైబిలు విప్పి సమూయేలనియో దానియేలనియో సూచింతురు. నాయనమ్మ తన తల్లి పేరు నిలుపుమని కోరును. మేనత్త కృప యనియు దీవెన యనియు చెప్పును. చదువుకొన్న తల్లిదండ్రులు పిలుచుటకు తేలికగను వినుటకు ఇంపుగను ఉండు పేరును వెదకుచుందురు. ఈ వెదకులాటలో ప్రకృతి నామములకు ఇటీవల మిక్కిలి ఆదరము కలుగుచున్నది. షారోను రోజా, లిల్లీ, కెజియా, హదస్సా అను పేర్లు ఒకవైపునను, ఉష, వెన్నెల, పద్మ, సాగర్, కిరణ్ అనునవి మఱియొకవైపునను వినబడుచున్నవి. అయితే ఈ రెండు వరుసలకును సంఘమున లభించు మర్యాద ఒక్కటి కాదు. షారోను రోజా అనగనే ఆలయమంతయు ఆమోదముతో తల యూచును, పద్మ అనగనే, పైకి ఎవ్వరును కాదనకపోయినను, “ఇది మన పేరేనా?” అను ప్రశ్న వెనుక వరుసలలో వినిపించును. ఆ ప్రశ్న అడుగువారిలో భక్తియే యున్నది గాని దురుద్దేశము లేదు. కావుననే దానికి తొందరపడక, గౌరవముతో, లేఖనమును చరిత్రను ముందుంచుకొని సమాధానము చెప్పవలసియున్నది.

నా మనవి మొదటనే విన్నవించెదను. సృష్టిలోని పూవును, చెట్టును, పక్షిని, వెలుగును బిడ్డకు పేరుగా నిచ్చుట క్రైస్తవ విశ్వాసమునకు కొత్తదియు కాదు, బయటిదియు కాదు. అది బైబిలంత ప్రాచీనమైన ఆచారము. అట్టి పేరునకు ఆధ్యాత్మికార్థము నిఘంటువునుండి రాదు; పెట్టినవారి కృతజ్ఞతనుండియు, ధరించినవారి బ్రదుకునుండియు వచ్చును. అందుచేత యూదయ దేశపు పూవు పేరు పవిత్రమనియు, గోదావరీ తీరపు పూవు పేరు అపవిత్రమనియు విభజించుటకు మనకు ఆధారము లేదు. ఆధారము లేకపోవుటయే కాక, అట్లు విభజించుటవలన మన బిడ్డలకు దక్కవలసిన యొక సంపద చేజాఱిపోవుచున్నది.

ఆదికాండమును తెఱచి చూచినచో మానవుని మొదటి పేరే ప్రకృతినుండి వచ్చినట్లు తెలియును. ఆదాము అను పేరు నేలను సూచించు హెబ్రీ పదముతో ముడిపడినది. మంటితో నిర్మింపబడినవాడు మంటి పేరుతోనే పిలువబడెను. ఆ పేరులో అవమానము లేదు, అణకువ యున్నది. మనుష్యుడు నేలకు యజమాని మాత్రమే కాడనియు, దానికి బంధువనియు ఆ యొక్క పేరు తరతరములకు చెప్పుచున్నది. అట్టి ఆదామునకు దేవుడు తొలుదొల్త అప్పగించిన పనులలో జంతువులకును పక్షులకును పేర్లు పెట్టుట యొకటి. పేరు పెట్టుట యనగా ఒక ప్రాణిని నిదానించి చూచుట, దాని స్వభావమును గుర్తించుట, దానిని తన లోకములోనికి స్వీకరించుట. తరువాతి కాలమున ప్రాణులకు పేర్లు పెట్టిన మానవుడు ఆ పేర్లనే తిరిగి తన బిడ్డలకు పెట్టుకొనసాగెను.

ఆ పేర్ల వరుస ఎంత దీర్ఘమైనదో మనలో చాలమంది గమనింపరు. దెబోరా యనగా తేనెటీగ. రాహేలు అనగా గొఱ్ఱె. యోనా యనగా పావురము. మోషే భార్యయైన సిప్పోరా పేరునకు పక్షి యని అర్థము, యాయేలు కొండమేక, తామారు ఖర్జూరవృక్షము, ప్రభువునకు తన ఆస్తితో ఉపచారము చేసిన స్త్రీలలో నొకతెయైన సూసన్న పేరు లిల్లీ పుష్పము. సీమోనునకు ప్రభువే స్వయముగా ఇచ్చిన కేఫా అను పేరునకు రాయి యని అర్థము. ఇక సమ్సోను పేరు సూర్యుని తెలుపు హెబ్రీ పదమునుండి వచ్చినది. కుమారునికి సూర్యమని పేరు పెట్టుటకు వెనుకాడు గృహమే సమ్సోను అని పెట్టుటకు క్షణమైనను సందేహింపదు. రెండు పేర్లలోను ఉదయించు సూర్యుడు ఒక్కడే యైనపుడు, ఒకదానిని హత్తుకొని వేఱొకదానిని త్రోసివేయుటకు కారణము విశ్వాసములో వెదకినను దొరకదు. అది కేవలము మన చెవికి అలవడిన యభ్యాసము.

సృష్టికర్తకు మాఱుగా సృష్టమును పూజించుట ఎంత ప్రమాదమో పౌలు రోమీయులకు వ్రాసిన పత్రిక మొదటి అధ్యాయముననే గట్టిగా హెచ్చరించెనని కొందఱు పెద్దలు జ్ఞాపకము చేయుదురు. ఆ హెచ్చరిక నేటికిని చెల్లును. దానిని తేలికపఱచువాడను కాను. కాని పూజించుట వేఱు, పేరు పెట్టుట వేఱు. ఇశ్రాయేలు చుట్టునున్న ఐగుప్తు బబులోను దేశములు సూర్యచంద్రులను దేవతలుగా కొలుచుచుండిన కాలమున, ఆదికాండము మొదటి అధ్యాయము వారిని పేరుపెట్టియైనను పిలువక, నాలుగవ దినమున దేవుడు ఆకాశమున నిలిపిన రెండు జ్యోతులుగా మాత్రమే వర్ణించెను. ఆ వర్ణనతో సూర్యునికి దైవత్వము పోయినది, తోడి సృష్టియను గౌరవము వచ్చినది. నూట నలుబది యెనిమిదవ కీర్తనలో సూర్యుడు, చంద్రుడు, వడగండ్లు, ఫలవృక్షములు, దేవదారు చెట్లు, పశువులు, రాజులు, యౌవనులు, కన్యకలు అందఱును ఒకే స్తోత్రగానమునకు ఆహ్వానింపబడుదురు. ఒకే ఆరాధనలో ప్రక్కప్రక్కన నిలిచినవారు ఒకరి పేరొకరు పెట్టుకొనుట విగ్రహారాధన యగునా? అది బంధుత్వము.

ఈ విషయమున యోబు గ్రంథపు చివరి అధ్యాయము నాకు గురుస్థానము. ఏడుగురు కుమారులను ముగ్గురు కుమార్తెలను ఒక్క దినముననే పోగొట్టుకొని, ఆస్తి నశించి, దేహమంతయు కురుపులతో బూడిదలో కూర్చుండి చిల్లపెంకుతో గోకుకొన్న ఆ దుఃఖితునికి దేవుడు సుడిగాలిలోనుండి ప్రత్యుత్తరమిచ్చెను. ఆ ప్రత్యుత్తరములో అతని బాధకు కారణము చెప్పబడలేదు; దానికి బదులుగా, నాలుగు అధ్యాయముల పొడవున, సృష్టి యంతయు అతని కన్నుల యెదుట నడిపింపబడెను. హిమపు నిధులు, మనుష్యుడు లేని యెడారిలో కుఱియు వాన, ఆకలితో అఱచు కాకిపిల్లలు, కొండమేకలు ఈను కాలము, అడవిగాడిద, నిప్పుకోడి, యుద్ధాశ్వము, డేగ, నీటి మహామృగము, ఒకటి వెనుక ఒకటిగా వచ్చినవి. ఆ దర్శనము ముగిసిన పిమ్మట అతనికి మరల ఏడుగురు కుమారులును ముగ్గురు కుమార్తెలును కలిగిరి. ఆశ్చర్యమేమనగా, గ్రంథకర్త కుమారులలో ఒక్కని పేరైనను చెప్పలేదు. కుమార్తెల పేర్లు మాత్రము మూడును చెప్పెను.

పెద్దది యెమీమా, ఆ పేరునకు పావురమని పలువురును, పగటి వెలుగని కొందఱును అర్థము చెప్పుదురు. రెండవది కెజియా, అది దాల్చినచెక్క జాతికి చెందిన పరిమళపు బెరడు. మూడవది కెరెంహప్పుకు, అనగా కాటుక నింపిన కొమ్ము, మన మాటలో కాటుక భరిణె. చెట్టు చర్మమును ఒలిచి యెండబెట్టిన పిమ్మటనే ఆ బెరడు మనకు సుగంధద్రవ్యమగును. తన చర్మమే నల్లబడి ఊడిపోవుచుండగా విలపించిన తండ్రి తన బిడ్డకు ఆ పేరు పెట్టుకొనుట ఎంత లోతైన సాక్ష్యమో ఆలోచింపుడు. ఏడ్చి ఏడ్చి కాంతి తప్పిన కన్నులు గలవాడు మరల కన్నులకు దిద్దు కాటుకను తలచుకొనుట ఎంతటి స్వస్థత! పసిపాప కన్నులకు కాటుక దిద్ది బుగ్గపై చుక్క పెట్టు తెలుగు తల్లికి ఈ పేరు పరాయిది కానేరదు. సృష్టిని అంత దగ్గఱగా చూచిన వాడు, అంత దుఃఖమును దాటినవాడు, తన సంతోషమును చెప్పుటకు సృష్టిలోని మూడు మాటలనే ఎన్నుకొనెను. అంతటితో ఆగక, ఆ కుమార్తెలకు వారి సహోదరులతో సమానముగా స్వాస్థ్యము కూడ ఇచ్చెను. పేరు అందమైనదై, హక్కు శూన్యమైనచో ఆ పేరు అబద్ధమగునని యోబు ఎఱుగును.

ప్రకృతి నామమునకు బ్రదుకు అర్థము నిచ్చు తీరునకు తామారు చరిత్ర ఇంకొక నిదర్శనము. ఎడారి దారిలో ఖర్జూరము కనబడినచో దగ్గఱలో నీరున్నదని బాటసారికి ఆశ కలుగును. నీతిమంతుడు ఆ చెట్టువలె వర్ధిల్లునని కీర్తనకారుడును పోల్చి చెప్పెను. ఆ పేరు ధరించిన మొదటి స్త్రీ యూదా కోడలు. మామ తనకు న్యాయము చేయనపుడు తానే న్యాయము రాబట్టుకొన్నది. లోకము ఆమెను నిందించినను, మత్తయి తన సువార్త మొదటి పుటలో ప్రభువు వంశావళిలో ఆమె పేరును నిలిపెను. రెండవ తామారు దావీదు కుమార్తె. తన యింటిలోనే ఘోరమైన అన్యాయమునకు గుఱియై, సహోదరుడైన అబ్షాలోము ఇంట దిక్కులేనిదై మిగిలిపోయినది. అబ్షాలోమునకు తరువాత కలిగిన కుమార్తె పేరు కూడ తామారే యని సమూయేలు రెండవ గ్రంథము తెలుపుచున్నది. అతని తప్పులెన్ని యున్నను, అన్యాయము పాలైన సహోదరి పేరు అవమానముతో అంతరింపక ఒక పసిబిడ్డయందు మరల చిగిర్చినది. ఆ మూడు జీవితములు తెలిసిన తల్లి తన బిడ్డను తామారు అని పిలిచినపుడు, ఆమె పిలుచునది చెట్టును మాత్రమే కాదు.

క్రొత్త నిబంధనలోను ఇదియే రీతి. అపొస్తలుల కార్యములు పండ్రెండవ అధ్యాయమున, చెఱసాలనుండి విడుదలయైన పేతురు రాత్రివేళ తలుపు తట్టినపుడు పలుకుటకు వచ్చిన పనిపిల్ల పేరు రొదే, అనగా గులాబి. అతని స్వరము గుర్తించి, సంతోషముచే తలుపు తీయుటయే మఱచి, లోపలికి పరుగెత్తి చెప్పిన ఆమెను ఇంటివారు వెఱ్ఱిదానవనిరి. గొప్పవారి పేర్లెన్నియో కాలగర్భమున కలిసిపోగా, ఒక పరిచారిక పేరు రెండువేల సంవత్సరములుగా ఆలయములలో చదువబడుచున్నది. యొప్పేలోని తబితా, గ్రీకు భాషలో దొర్కా, అనగా లేడి. ఆమె చనిపోయినపుడు విధవరాండ్రందఱు వచ్చి ఆమె కుట్టియిచ్చిన అంగీలను వస్త్రములను పేతురునకు చూపుచు ఏడ్చిరి. పందొమ్మిదవ శతాబ్దమున క్రైస్తవ స్త్రీలు బీదలకు బట్టలు కుట్టి పంచుటకై నెలకొల్పిన సంఘములు ఆమె పేరుననే వెలసినవి. లేడి పేరు సూదిదారములకు, దయకు గుఱుతైనది. ఆ యర్థమును దానికి తెచ్చినది ఆమె చేతిపనియే.

పేరు అన్య సంప్రదాయమునుండి వచ్చినంత మాత్రమున దానిని మార్చివేయవలెనను నియమము ఆదిమ సంఘమున కానరాదు. రోమా పత్రిక చివరి అధ్యాయమున పౌలు ఎంతో ఆదరముతో పరిచయము చేసిన కెంక్రేయ సంఘ పరిచారకురాలు ఫీబే పేరు గ్రీకు పురాణములలో కాంతిమంతురాలైన దేవతకు చెల్లినది. అదే అధ్యాయమున వందనములందుకొన్న హెర్మే పేరు గ్రీకు దేవతల దూతది, నేరియ పేరు సముద్ర దేవతది. పౌలు సహకారియైన ఎపఫ్రొదితు పేరులో అఫ్రొదితే దేవత యున్నది. వీరిలో ఎవ్వరినైనను పేరు మార్చుకొమ్మని అపొస్తలుడు ఆజ్ఞాపించిన జాడ లేదు. కతోలిక సంఘపు 1917 నాటి ధర్మశాస్త్రము జ్ఞానస్నానమున క్రైస్తవ నామము పెట్టవలెననియు, తల్లిదండ్రులు సమ్మతింపనిచో గురువు ఒక పరిశుద్ధుని పేరు చేర్చవలెననియు విధించినది. 1983లో వెలువడిన కొత్త ధర్మశాస్త్రము మాత్రము, క్రైస్తవ భావమునకు విరుద్ధమైన పేరు పెట్టకుండ చూచుకొనుడని చెప్పి ఊరకుండినది. అంత ప్రాచీనమైన సంస్థయే తన నియమమును విశాలపఱచుకొనగా, మనము ఇరుకుపఱచుకొనుట ఎందులకు?

అయితే మన పూర్వులు బైబిలు పేర్లను ఎందుకు అంత గాఢముగా హత్తుకొనిరో మఱువరాదు. 1876నుండి సాగిన మహాకఱవు అంతమున, 1878 జులై 3వ తేదీన, ఒంగోలు ప్రాంతమున వెల్లంపల్లి యొద్ద గుండ్లకమ్మ ఏటిలో ఒక్క దినముననే 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు, ఊరివారు అయ్య, అమ్మ యని పిలుచుటకు ఒప్పుకొనని వాడలనుండి వచ్చినవారు. గాడని, అది యని పిలిచిన నోళ్లముందు యోహాను, మార్త, పౌలు, మరియమ్మ యని తలయెత్తి చెప్పుకొనుట వారికి కేవలము మతచిహ్నము కాదు, మనుష్యత్వపు ప్రకటన. ఆ పేర్లను చులకనగా మాటలాడుటకు ఎవ్వరికిని హక్కు లేదు. కాని అదే కాలమున, అదే ప్రాంతమున, 1866లో విశ్వసించి వేలమందికి సువార్త చెప్పిన యెఱ్ఱగుంట్ల పేరయ్య తన తెలుగు పేరుతోనే జీవించెను. గౌరవము పేరునకు దేశమునుబట్టి రాలేదు. కాన్పు దక్కని తల్లి, ఈ బిడ్డనైనను మృత్యువు చూడక దాటిపోవుగాక యని పెంటయ్య, పుల్లయ్య యని పేరు పెట్టుకొన్న నేల మనది. పేరు ప్రార్థన యగునని మన పల్లెలకు ఎవ్వరును నేర్పనక్కఱలేదు.

సంఘము తన చిహ్నములలో ఈ నేల సృష్టిని ఏనాడో స్వీకరించినది. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘపు ముద్రలో సిలువతో కలిసి తామరరేకులున్నవి. అజరయ్యగారు బిషప్పుగా నున్నపుడు నిర్మింపబడి 1939లో ప్రతిష్ఠింపబడిన దోర్నకల్లు దేవాలయములో గుడి మసీదు శిల్పరీతులు ఆరాధనకు ఒదిగి నిలిచినవి. మట్టల ఆదివారమున మన బిడ్డలు పట్టుకొని హోసన్నా పాడుచు నడచునది యెరూషలేము ఖర్జూరపు మట్టలు కావు. ఊరి గట్టునుండి కోసితెచ్చిన ఈతమట్టలు, పెరటి కొబ్బరిమట్టలు. ఈతచెట్టు ఖర్జూరమునకు స్వజాతియే యని వృక్షశాస్త్రము చెప్పును. ఆ శాస్త్రము తెలియకముందే మన పెద్దలు ఆ మట్టను చేతబట్టి ప్రభువును స్తుతించిరి. ముద్రలో తామర చెల్లినపుడు, ఊరేగింపులో ఈతమట్ట చెల్లినపుడు, పద్మయను బిడ్డ పేరు మాత్రము ఏల చెల్లదు? 2013లో నంద్యాల అధ్యక్షమండలమున దక్షిణ ఇండియా సంఘమునకు మొట్టమొదటి మహిళా బిషప్పుగా అభిషిక్తురాలైనవారి పేరు పుష్పలలిత. ఆ పేరులోని పుష్పము ఆమె దండమునకు అడ్డము రాలేదు.

గుఱ్ఱం జాషువా జీవితమునుండి ఒక్క విషయమును ఇచట దగ్గఱగా చూపవలెను. యెహోషువ పేరు ధరించిన ఆ మహాకవి, లేవీయకాండము అపవిత్రముల పట్టికలో చేర్చిన గబ్బిలమును, అంటరానివాని మొఱను మోయు దూతగా చేసి 1941లో కావ్యము వ్రాసెను. క్రీస్తు చరిత్ర వ్రాసి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారము నందెను. ఆయన తన కుమార్తెకు పెట్టిన పేరు హేమలత, బంగారు తీగె. ఆమె వివాహమాడినది నాస్తికోద్యమ నాయకుడైన గోరాగారి కుమారుడు లవణమును. ఉప్పు సత్యాగ్రహము జరిగిన 1930లో జన్మించుటచే తండ్రి అతనికి ఆ పేరు పెట్టెను. శిష్యులు భూమికి ఎట్టివారై యుండవలెనో చెప్పుటకు కొండమీద ప్రభువు ఎన్నుకొన్న పదార్థము కూడ ఉప్పే కదా. ఆ దంపతులు స్టువర్టుపురమున నేరస్థులని ముద్రపడిన కుటుంబములను సంస్కరించుటకును, జోగిని దురాచారమును తుదముట్టించుటకును తమ ఆయుష్షును ధారపోసిరి. ఒకరి పేరు తీగె, ఒకరి పేరు ఉప్పు. ఏ నిఘంటువును చెప్పజాలని అర్థమును వారి సేవ ఆ రెండు పేర్లకును కూర్చినది. భక్తునిచే పెట్టబడిన పేరైనను, నాస్తికునిచే పెట్టబడిన పేరైనను, సృష్టి పేరు సత్కార్యమునకు తలుపు తెఱచియే యుంచును.

ఇంకొక కష్టమును గుఱించి మాటలాడక తప్పదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హక్కులను హిందువులకు పరిమితము చేసినది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ హక్కులు విస్తరింపబడినను క్రైస్తవులకు నేటికిని లేవు. దీని ఫలితముగా మన వాడలలో ఎందఱో బిడ్డలు బడిలో ఒక పేరుతోను గుడిలో ఒక పేరుతోను పెరుగుచున్నారు. హాజరుపట్టీలో పలికిన పేరు వేఱు, బల్లయొద్ద ప్రార్థనలో పలికిన పేరు వేఱు. ఈ చీలిక వారి అపరాధము కాదు. వారి విశ్వాసమును దాని పేరట శంకించుట అన్యాయము. పేరు మార్పుతో తీరు సమస్యయు కాదది, తీర్చవలసినది చట్టము. కాని వేకువ, వెన్నెల, కిరణము, ఏఱు, పూవు ఏ యొక్కరి సొత్తును కావు. అట్టి పేరు నొకదానిని ఎన్నుకొన్న బిడ్డ బడిలోను గుడిలోను, ఊరిలోను వాడలోను, ఒక్క పేరుతోనే పలుకగలదు. ఎండను వానను మంచివారికిని చెడ్డవారికిని సమముగా నిచ్చు తండ్రిని ఆరాధించువారికి, అందఱికిని చెందిన పేరు అల్పమైన పేరు కాజాలదు.

ఇంతవఱకు ఒక వైపువారికి మనవి చేసితిని. రెండవ వైపువారికి కూడ చెప్పవలసిన మాట యొకటి యున్నది. ధ్వని బాగున్నదని, ఇరుగుపొరుగువారు వినని పేరని, పట్టికలో ఎదురుపడిన మాటను తీసి బిడ్డకు తగిలించుట సృష్టిని గౌరవించుట కాదు. కెజియా యని పిలిచి యోబును చెప్పని తండ్రి, హదస్సా యని పిలిచి, ఆ గొంజిచెట్టు పేరుగల అనాథ ఎస్తేరు రాణియై తన ప్రజలకొఱకు ప్రాణమునకు తెగించినదని చెప్పని తల్లి, బిడ్డకు పెట్టె నిచ్చి తాళపుచెవి దాచుకొన్నవారే యగుదురు. తెలుగు పేరైనను అంతే. అరుణ యని పెట్టినపుడు, పైనుండి మనలను దర్శించు అరుణోదయమును గుఱించి వృద్ధ యాజకుడైన జెకర్యా పాడిన సందర్భమును బిడ్డకు తెలుపవలెను. తార యని పెట్టినపుడు, ప్రకటన గ్రంథము చివరి పుటలో ప్రభువు తన్నుతాను వేకువచుక్కగా చెప్పుకొన్న సంగతి తెలుపవలెను. సుమ యని పెట్టినపుడు, సొలొమోను వైభవమును మించిన అలంకారము అడవిపువ్వునకు ఎవరిచ్చిరో తెలుపవలెను. తంగేడు తెలంగాణకు రాష్ట్రపుష్పము, మల్లె ఆంధ్రప్రదేశమునకు రాష్ట్రపుష్పము. గలిలయ కొండలపై విరిసిన పూలను చూపి బోధించిన ప్రభువు ఈ నేలపై నడచియున్నచో ఆయన వ్రేలు ఈ పూలవైపే చూపియుండునని నేను నమ్ముదును.

సృష్టి పేరు పెట్టుటతో ఒక బాధ్యతయు సంక్రమించును. బిడ్డకు సింధువనియో సాగరమనియో పేరు పెట్టి, ఊరి చెఱువు పూడిపోవుచుండగా మనకేమని యూరకుండుట తగదు. పావురము పేరు పెట్టి వడిసెలతో పక్షులను కొట్టు బాలుని మందలింపకుండుట తగదు. పిచ్చుక యొకటి నేలరాలుట కూడ తండ్రికి తెలియునని ప్రభువు చెప్పెను. ఆ తండ్రి లెక్కలో నున్న ప్రాణి పేరు మన బిడ్డ మోయుచున్నపుడు, ఆ ప్రాణి క్షేమము మన యింటి సంగతియే యగును. పేరులోని ఆధ్యాత్మికత ఆలయపు గోడలమధ్య ముగియక, పొలముగట్టుకును ఏటి యొడ్డునకును నడచిరావలెను.

కావున తల్లిదండ్రులకు నా విన్నపమిది. బిడ్డకు పేరు నిశ్చయించుటకు ముందు ఆ పూవును, ఆ చెట్టును, ఆ వెలుగును ఒకమాఱు నిలిచి చూడుడు. అది మీకెందుకు కృతజ్ఞత కలిగించుచున్నదో ఒకరికొకరు చెప్పుకొనుడు. పుట్టిన తేదీలు వ్రాసియుంచు కుటుంబ బైబిలు మొదటి పుటలో, ఆ తేదీ ప్రక్కనే, ఆ పేరు ఏల పెట్టితిరో నాలుగు వాక్యములు వ్రాయుడు. బిడ్డ చదువ నేర్చిననాడు తానే చదువుకొనును. సంఘ కాపరులైన అయ్యగార్లకు నా విన్నపమిది. ప్రతిష్ఠ దినమున గాని బాప్తిస్మ దినమున గాని శిశువును చేతులలోనికి తీసికొన్నపుడు, ఆ పేరు షారోనుదా గోదావరిదా యని విచారింపకుడు. ఆ పేరునకు మూలమైన సృష్టిని చేసిన దేవునికి సంఘమంతటిచేత స్తోత్రము చెప్పింపుడు. సంఘములోని పెద్దలారా, పద్మ యనియు సూర్యమనియు పిలువబడు పసివారిని సమ్సోనును దెబోరాను ఆహ్వానించినంత ఆనందముతో ఆహ్వానింపుడు. వారి పేరును సృజించినవాడును వారిని సృజించినవాడును ఒక్కడే.